జింక లేకపోతే చీతాకి ఆ స్పీడ్ ఎక్కడిది?

(మా ఊరి గ్రంథాలయంలో జరిగిన నేచర్ క్లబ్ మీటింగ్‌లో మాస్టారు మాట్లాడింది రికార్డింగ్ విని టైప్ చేశాం. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం.)

అందరికీ నమస్కారం. వెనకున్నవాళ్ళకి వినపడుతోందా అండీ? ముందు కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, వచ్చి కూర్చోండమ్మా. పిల్లలు ఇంకా ముందుకి రండి, ఈ మాటలు ఎక్కువగా మీకోసమే.

సరే. ప్రపంచంలో అన్నిటికన్నా స్పీడుగా వెళ్ళే జంతువు ఏది? చెప్పండి. చీతా. అందరూ చీతానే అన్నారు. ఆ చివర ఒక బాబు డేగ అన్నాడు, విన్నాను బాబూ. మీ ఇద్దరి జవాబూ కరెక్టే, కాకపోతే నేను అడిగిన ప్రశ్నే సరిగ్గా లేదు. దేనిలో స్పీడ్? కిందకి దూకడంలోనా, నేల మీద పరిగెత్తడంలోనా, చాలాసేపు ఆగకుండా పరిగెత్తడంలోనా? ఇంకోటి కూడా అడగాలి, అసలు ఆ స్పీడ్ దానికి ఎందుకు వచ్చింది, ఎవరి వల్ల వచ్చింది? ఈ రోజు నేను చెప్పాలనుకున్నది ఈ చివరి ప్రశ్న గురించే. నంబర్లు చెప్తాను, చెప్పకపోతే మీరు ఊరుకోరు, కానీ నంబర్ల దగ్గరే ఆగిపోతే అసలు కథ మిస్ అయిపోతాం.

ముందు డేగ సంగతి చూద్దాం, బాబు అడిగాడు కదా. పెరెగ్రిన్ ఫాల్కన్ అంటారు. మన దక్కన్‌లో రాతి కొండల మీద దీని జాతే ఒకటి ఉంటుంది, షాహీన్ డేగ. చలికాలంలో ఉత్తరం నుంచి వలస వచ్చేవి కూడా ఉన్నాయి, చెరువుల మీద బాతుల్ని, ఉల్లంకి పిట్టల్ని పట్టుకుంటాయి. ఇది మామూలుగా ఎగిరేటప్పుడు మరీ అంత స్పీడ్ కాదు. పైకి, చాలా పైకి వెళ్ళి, కింద ఎగురుతున్న పిట్టని చూసి, రెక్కలు ముడుచుకుని దూకుతుంది చూడండి, అదీ దీని స్పీడ్. 1999లో అమెరికాలో కెన్ ఫ్రాంక్లిన్ అనే ఆయన తను పెంచిన డేగని విమానంలోంచి స్కైడైవర్లతో పాటు దూకేలా ట్రైనింగ్ ఇచ్చి కొలిచాడు. దాని పేరు ఫ్రైట్‌ఫుల్. గంటకి 389 కిలోమీటర్లు వచ్చింది. 389! మన రైళ్ళలో ఏదీ దాని దరిదాపుల్లో లేదు.

కానీ ఇక్కడ ఒకటి ఆలోచించండి. అంత స్పీడులో వచ్చి పిట్టని గుద్దాలి. కింద పిట్ట ఊరికే ఉంటుందా? పక్కకి తిరుగుతుంది, మెలికలు తిరుగుతుంది. అంత స్పీడులో ఉన్న డేగకి తిరగడం కష్టం కదా, మరి మెల్లిగా వస్తే మేలు కదా అని మనకి అనిపిస్తుంది. 2018లో కంప్యూటర్‌లో డేగనీ పిట్టనీ తయారుచేసి లక్షల సార్లు వేటాడించి చూశారు. తేలిందేంటంటే, స్పీడ్ ఎక్కువున్నప్పుడు రెక్కల మీద గాలి బలం బాగా పెరుగుతుంది, ఆ బలంతో డేగ ఇంకా చురుగ్గా తిరగగలదు. అంటే ఆ స్పీడ్ కేవలం త్వరగా చేరడానికి కాదండీ, తిరగడానికి కూడా! అంతకు ముందు ఏడాది ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు డేగల మీద చిన్న కెమెరాలు, జీపీఎస్‌లు పెట్టి చూస్తే, అవి వేటని వెంబడించే దారి లెక్కలో క్షిపణి టార్గెట్‌ని వెంబడించే లెక్కతో సరిపోయింది. ఆ లెక్కని మనుషులు గత శతాబ్దంలో కనుక్కున్నారు. డేగకి అది ఎప్పటినుంచో ఉంది.

ఈ తిరగడం అన్న మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

ఇప్పుడు చీతా. ముందే చెప్పేస్తాను, ఇది మన తిరుమల కొండల్లో కనిపించే చిరుతపులి కాదు. చిరుత బరువుగా, పొట్టి కాళ్ళతో ఉంటుంది, చెట్లెక్కుతుంది. చీతా సన్నగా, పొడుగు కాళ్ళతో ఉంటుంది, కళ్ళ దగ్గర్నుంచి మూతి దాకా కన్నీటి చారల్లాంటి నల్ల గీతలు ఉంటాయి. దీని స్పీడ్ ఎంత? 120 అంటారు, 110 అంటారు, పుస్తకాల్లో, వీడియోల్లో ఎక్కడ చూసినా అదే. నిజంగా కొలిచినవి చెప్తాను. 1965లో కెన్యాలో క్రెయిగ్ షార్ప్ అనే ఆయన పెంపుడు చీతాని పరిగెత్తించి స్టాప్‌వాచ్‌తో కొలిస్తే దాదాపు 104 వచ్చింది. 2012లో సిన్సినాటి జూలో సారా అనే చీతా వంద మీటర్లు 5.95 సెకన్లలో పరిగెత్తింది. ఉసేన్ బోల్ట్ వరల్డ్ రికార్డ్ ఎంత? 9.58, 2009లో బెర్లిన్‌లో. సారాకి అప్పుడు 11 ఏళ్ళు, చీతాల్లో అది ముసలి వయసు.

ఇవన్నీ మనుషులు పరిగెత్తించినవి. మరి అడవిలో, ఆకలేసినప్పుడు, నిజమైన వేటలో? దానికి లండన్ రాయల్ వెటర్నరీ కాలేజీ ప్రొఫెసర్ అలాన్ విల్సన్ టీమ్ బోట్స్వానా వెళ్ళి ఐదు చీతాలకి కాలర్లు కట్టింది. జీపీఎస్, కదలికని పట్టే సెన్సార్లు, సోలార్ ప్యానెల్, అన్నీ ఆ కాలర్‌లోనే. 367 పరుగులు రికార్డ్ అయ్యాయి, 2013లో అచ్చయింది. అన్నిటిలోకీ ఎక్కువ స్పీడ్ గంటకి 93 కిలోమీటర్లు. అదీ ఒక్కసారే. మామూలు వేటల్లో చూస్తే గంటకి 50, 55, అంతే! సగటున 170 మీటర్ల పైచిలుకు దూరం, అంతటితో అయిపోతుంది. ఆ 367లో జంతువు దొరికింది నాలుగో వంతు పరుగుల్లోనే.

ఏమ్మా, నిరాశగా ఉందా? నాకైతే ఈ లెక్కలు చూశాక చీతా మీద గౌరవం పెరిగింది. ఎందుకంటే అసలు విషయం ఇప్పుడు వస్తుంది. ఆ సెన్సార్లు ఇంకొకటి చూపించాయి. చీతా ఒక్క అంగలో, ఒక్క అంగ అంటే ఒక్క గెంతు, స్పీడుని సెకనుకి మూడు మీటర్లు పెంచగలదు. అంటే గంటకి పది కిలోమీటర్ల పైనే, ఒక్క గెంతులో. తగ్గించేటప్పుడు ఇంకా ఎక్కువ, ఒక్క గెంతులో సెకనుకి నాలుగు మీటర్లు తగ్గిపోతుంది. మీరు బైక్ మీద 60లో వెళ్తూ గట్టిగా బ్రేక్ వేస్తే టైర్ జారుతుంది కదా, ఇది నాలుగు కాళ్ళతో మట్టి మీద అంతకు మించిన పని చేస్తోంది, అదీ పక్కకి తిరుగుతూ.

దగ్గరగా చూద్దాం. చీతా పాదం చూస్తే, మిగతా పిల్లి జాతుల్లాగా గోళ్ళు పూర్తిగా లోపలికి పోవు, బయటికి మొద్దుగా కనిపిస్తూనే ఉంటాయి. రన్నింగ్ షూ కింద స్పైక్స్ ఉంటాయే, అవి ఎలా పట్టు ఇస్తాయో ఇవి అలాగే నేలని పట్టుకుంటాయి. బొటనవేలి గోరు మాత్రం వంకీ తిరిగి పదునుగా ఉంటుంది, పారిపోతున్న జింక వెనక కాలిని అది లాగేస్తుంది, జింక బ్యాలెన్స్ తప్పి పడుతుంది. వెన్నెముక బాగా వంగుతుంది, మళ్ళీ సాగుతుంది, ఒక్కో అంగ ఆరేడు మీటర్లు పడుతుంది, అందులో రెండుసార్లు నాలుగు కాళ్ళూ గాల్లో ఉంటాయి. పొడుగు తోక. మలుపు తిరిగేటప్పుడు ఒళ్ళు ఒకవైపుకి పోతుంటే తోక ఇంకోవైపుకి విసురుతుంది. ఇంత చేశాక ఏమవుతుంది? జింక గొంతు పట్టుకుని పడేశాక రొప్పుతూ పక్కన పడుకుంటుంది, చాలాసేపు తినలేకపోతుంది కూడా. ఈ లోపు హైనాలో సింహమో వస్తే వదిలేసి వెళ్ళిపోతుంది, తిరగబడదు. తిరగబడే ఒళ్ళు కాదది. దవడ చిన్నది, ఎముకలు తేలిక. స్పీడ్ కోసం బలాన్ని వదులుకున్న జంతువు.

ఒళ్ళు వేడెక్కిపోయి పరుగు ఆపేస్తుంది అని పాత పుస్తకాల్లో ఉంటుంది, మీలో కొందరు చదివే ఉంటారు. 1970ల్లో ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తించి అలా అనుకున్నారు. తర్వాత 2013లో స్వేచ్ఛగా తిరిగే చీతాల ఒంట్లో చిన్న సెన్సార్లు పెట్టి చూస్తే, పరిగెత్తేటప్పుడు వేడి పెద్దగా పెరగట్లేదు, వేట అయ్యాక పెరుగుతోంది, అదీ జంతువు దొరికినప్పుడు ఎక్కువ పెరుగుతోంది. ఎవరైనా లాక్కుపోతారేమో అన్న టెన్షన్ వల్ల అయి ఉండొచ్చని ఆ శాస్త్రవేత్తలు అన్నారు.

ఇప్పుడు అసలు ప్రశ్నకి రండి. చీతాకి ఇదంతా ఎందుకు? ఎవరి కోసం ఇన్ని మార్పులు? జింకల కోసం. జింకకి ఆ పరుగు ఎందుకు? చీతా లాంటివాటి వల్ల. తరతరాలుగా కాస్త మెల్లిగా ఉన్న జింక దొరికిపోయింది, కాస్త మెల్లిగా ఉన్న చీతా ఆకలితో పోయింది. మిగిలినవాటి పిల్లలే ఇప్పుడు మనం చూస్తున్నవి. రెండూ ఒకదాన్నొకటి తయారుచేసుకున్నాయండీ. విడిగా చీతా స్పీడ్ ఇంత, జింక స్పీడ్ ఇంత అని పట్టిక వేసి చూపిస్తే ఆ సంబంధం కనపడదు.

విల్సన్ గారి టీమే 2018లో ఇంకొకటి చేసింది. చీతా-ఇంపాలా, సింహం-జీబ్రా, రెండు జతలనీ కొలిచింది. ఇంపాలా అంటే ఆఫ్రికా జింక. వేటాడే జంతువు కండలో బలం 20 శాతం ఎక్కువ, స్పీడ్ పెంచుకోవడంలో 37 శాతం, తగ్గించుకోవడంలో 72 శాతం ఎక్కువ. అన్నిటిలోనూ వేటాడేదే మెరుగు. మరి జింక ఎలా బతుకుతోంది? చెప్పండి, ఎలా? ... ఆ, అమ్మాయి చెప్పింది, మలుపు తిరిగి. కరెక్ట్. జింక ఫుల్ స్పీడులో తిన్నగా పరిగెత్తితే చచ్చినట్టే, ఎందుకంటే ఎటు వెళ్తుందో వెనకున్నదానికి తెలిసిపోతుంది. కాస్త తక్కువ స్పీడులో పరిగెత్తుతూ, చీతా మీదికొచ్చే ఆఖరి క్షణంలో పక్కకి తిరిగితే బతికే ఛాన్స్ ఎక్కువ. ఎప్పుడు తిరగాలో జింక చేతిలో ఉంది. చీతా దాన్ని చూసి తిరగాలి. ఆ చిన్న తేడాలో ప్రాణం ఉంది.

ఇక మన విషయానికి వస్తాను. మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు ఏది? కృష్ణజింక. నంద్యాల జిల్లాలో మిడుతూరు దగ్గర రోళ్ళపాడు అభయారణ్యం ఉంది, బట్టమేక పక్షి కోసం పెట్టింది, అక్కడ కృష్ణజింకలు ఉన్నాయి. వెళ్ళనివాళ్ళు తప్పకుండా వెళ్ళాలి. నేను పొద్దున్నే వెళ్ళి చూశాను. గడ్డి మోకాలి దాకా ఉంది, మంద మేస్తోంది, ఆడవి లేత గోధుమ రంగు, మగది పైన నల్లగా పొట్ట తెల్లగా, మెలి తిరిగిన కొమ్ములు. ఎక్కడో ఏదో అలికిడైంది, నాకు వినపడలేదు. ఒక ఆడజింక తల ఎత్తింది. నాలుగు కాళ్ళూ ఒకేసారి నేల వదిలి నిలువునా పైకి గెంతింది, పరిగెత్తడం కాదు, నిలువునా పైకి. పక్కది గెంతింది, దాని పక్కది గెంతింది, మంద మొత్తం అలా గెంతుతూ గెంతుతూ ఉన్నట్టుండి పరుగు అందుకుంది, ఇక చూడాలి. గంటకి 80 కిలోమీటర్ల దాకా పోతుందంటారు. మైదానంలో ఎంత దూరం పోయాయో, చుక్కలైపోయాయి.

అంత పరుగు ఎవరి నుంచి? రోళ్ళపాడులో తోడేళ్ళు ఉన్నాయి, నిజమే, జింకల్ని వేటాడతాయి. కానీ తోడేలు కోసం 80 అక్కర్లేదండీ. ఆ పరుగు చీతా కోసం. మన దేశంలో వేల ఏళ్ళు కృష్ణజింక వెనక పరిగెత్తింది ఆసియా చీతా. ఇప్పుడు అది లేదు, పరుగు మిగిలింది.

ఎలా పోయింది? రాజులు దాన్ని వేటకి పెంచుకునేవారు. అక్బర్ దగ్గర ఒకేసారి వెయ్యి చీతాలు ఉండేవని కొడుకు జహంగీర్ రాసుకున్నాడు. కళ్ళకి గంతలు కట్టి, చీతాని ఎద్దుబండి మీద కూర్చోబెట్టి తీసుకెళ్ళేవారు. జింకలకి ఎద్దుబండి అలవాటే, పొలాల్లో రోజూ చూసేదే, కాబట్టి పారిపోవు. బండి చుట్టూ తిరుగుతూ తిరుగుతూ దగ్గరికి వెళ్ళి, గంత తీసి వదిలేవాళ్ళు. బోనులో ఇది పిల్లల్ని పెట్టదు, జహంగీర్ కాలంలో ఒక్కసారి పెడితే అది పెద్ద వింతగా రాసుకున్నారు. కూనల్ని తెచ్చి పెంచినా లాభం లేదు, వేట తల్లి దగ్గరే నేర్చుకోవాలి. అందుకని అడవిలో పెద్దవాటినే పట్టేవారు, ప్రతి తరంలోనూ, కొన్ని వందల ఏళ్ళు. తర్వాత బ్రిటిష్ వాళ్ళ తుపాకులు, చంపితే బహుమానాలు, గడ్డి మైదానాలు పొలాలవడం. 20వ శతాబ్దం వచ్చేసరికి కొల్హాపూర్, భావ్‌నగర్ లాంటి సంస్థానాలు వేట కోసం ఆఫ్రికా నుంచి చీతాల్ని ఓడల్లో తెప్పించుకున్నాయి, ఇక్కడ దొరక్క! 1947లో ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోని కొరియా సంస్థానం రాజు రామానుజ్ ప్రతాప్ సింగ్ దేవ్ రాత్రిపూట మూడు మగ చీతాల్ని కాల్చాడు. ఆఖరివిగా వాటినే చెప్తారు. కానీ మీకు తెలుసా, 1952లో మన చిత్తూరు ప్రాంతంలో ఒక చీతా కనిపించిందని బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ జర్నల్‌లో ఒక నోట్ అచ్చయింది. అదే ఏడాది దేశంలో చీతా అంతరించినట్టు ప్రకటించారు. అంటే మన గడ్డ మీద కూడా చివరిదాకా పరిగెత్తిన జంతువే.

తర్వాత హైదరాబాద్‌లో సీసీఎంబీ అనే పరిశోధన సంస్థ వాళ్ళు ఇరాన్ చీతాని తెచ్చి క్లోనింగ్ చేద్దామనుకున్నారు, ఇరాన్ ఒప్పుకోలేదు. ఇప్పుడు ఆసియా చీతా మిగిలింది ఆ ఒక్క దేశంలోనే, అదీ వేళ్ళ మీద లెక్కపెట్టుకునేంత. 2022 సెప్టెంబర్‌లో నమీబియా నుంచి ఎనిమిది, 2023 ఫిబ్రవరిలో దక్షిణాఫ్రికా నుంచి పన్నెండు, మధ్యప్రదేశ్‌లోని కూనో నేషనల్ పార్కుకి తెచ్చారు, అవి ఆఫ్రికా చీతాలు. అక్కడ వాటికి ఎక్కువగా దొరికేది మచ్చల జింక. కృష్ణజింక పరుగుకీ చీతా పరుగుకీ మధ్య ఉన్న ఆ పాత లెక్క అక్కడ కూడా పూర్తిగా లేదు.

అమెరికాలో ఇలాంటిదే ఒకటి ఉంది. ప్రాంగ్‌హార్న్ అని, జింకలాంటి జంతువు, గంటకి 85, 90 దాకా పోతుంది, పైగా చీతాలాగా రెండు వందల మీటర్లకే ఆగదు, మైళ్ళకి మైళ్ళు గంటకి 60 పైన పరిగెత్తగలదు. ఎక్కువ దూరం పందెం పెడితే నేల మీద ఇదే ఫస్టు. ఊపిరితిత్తులు పెద్దవి, శ్వాసనాళం వెడల్పు, ఆక్సిజన్ వాడుకునే శక్తి అదే సైజు మేకకన్నా ఎన్నో రెట్లు. అక్కడ దీన్ని పట్టుకోగల జంతువు ఒక్కటీ లేదు, తోడేలు, నక్కలాంటి కొయోటీ ఏవీ చాలవు. మరి ఎందుకింత? జాన్ బైయర్స్ అనే శాస్త్రవేత్త మోంటానాలో ఏళ్ళ తరబడి వీటి వెంట తిరిగి చెప్పిందేంటంటే, ఇవి ఇప్పుడు లేని జంతువుల నుంచి ఇప్పటికీ పారిపోతున్నాయి అని. దాదాపు 12 వేల ఏళ్ళ కిందటి దాకా అక్కడ చీతాలాంటి పెద్ద పిల్లి ఒకటి ఉండేది, పోయింది. 12 వేల ఏళ్ళయినా కాళ్ళు మర్చిపోలేదు. మన కృష్ణజింకకి డెబ్భై చిల్లర ఏళ్ళే కదా.

సముద్రం గురించి కూడా అడుగుతారు, క్లుప్తంగా చెప్పేస్తాను. సెయిల్‌ఫిష్, మన విశాఖ వైపు మత్స్యకారులు కొమ్ముకోనం అంటారు, మార్లిన్‌ని కూడా అదే అంటారు. గంటకి 110 అని అన్ని చోట్లా రాస్తారు. అది ఎలా వచ్చిందో తెలుసా? చాలా ఏళ్ళ కిందట ఫ్లోరిడాలో గాలానికి చిక్కిన చేప దారాన్ని ఎంత త్వరగా లాగిందో స్టాప్‌వాచ్ పట్టుకుని చూశారు, అంతే. ఈ మధ్య కండ ఎంత వేగంగా ముడుచుకోగలదో కొలిస్తే, వేటాడేటప్పుడు వీడియోలు తీసి చూస్తే, 30, 35 దగ్గరే ఉంటోంది. నీళ్ళు అంత తేలిగ్గా దారివ్వవు మరి. ఇది చేపలగుంపులోకి మెల్లిగా వెళ్ళి ముక్కుని, ఆ కత్తిలాంటి ముక్కుని, చటుక్కున పక్కకి విసురుతుంది. ముక్కు కొస వేగం చిన్న చేప తప్పించుకోలేనంత. మళ్ళీ అదే, మొత్తం ఒంటి స్పీడ్ కంటే ఆఖరి క్షణంలో చేసే చిన్న కదలిక.

పురుగుల దగ్గర ఇంకా ఆశ్చర్యం. డ్రాక్యులా చీమ అని ఒకటి ఉంది, దవడల్ని చిటిక వేసినట్టు వదిలితే సెకనుకి 90 మీటర్లు, గంటకి 320 కిలోమీటర్లు! 2018లో కొలిచారు. టైగర్ బీటిల్ అనే పురుగు పరిగెత్తేటప్పుడు దాని కళ్ళకి చాలినంత వెలుతురు అందదు, ముందేముందో కనపడదు, అందుకని కాస్త పరిగెత్తి ఆగి చూసుకుని మళ్ళీ పరిగెడుతుంది. కాలిఫోర్నియాలో నువ్వుగింజ కన్నా చిన్న పురుగు, మైట్, సెకనుకి తన ఒంటి పొడవుకి 322 రెట్లు పోతుంది. చీతా తన ఒంటి పొడవుకి ఇరవై రెట్లు కూడా పోదు.

మరి ఏనుగు ఎందుకు అన్నిటికన్నా స్పీడ్ కాదు, కాళ్ళు అంత పెద్దవి కదా? 2017లో జర్మనీలో మిరియమ్ హిర్ట్ అనే ఆవిడ టీమ్ వందల జాతులని చూసి చెప్పింది. పెద్ద ఒంటిని స్పీడ్ అందుకునేలా చేయాలంటే టైమ్ పడుతుంది, ఆ టైమ్‌లో కండలో అప్పటికప్పుడు వాడుకునే శక్తి అయిపోతుంది. అందుకే నేల మీదైనా నీళ్ళలోనైనా గాల్లోనైనా మధ్య సైజువే ఫస్టు వస్తాయి.

టైమ్ అయిపోతోందని సైగ చేస్తున్నారు. ఎవరో కుర్రాడు అడిగాడు, రోళ్ళపాడు వెళ్తే ఆ పరుగు చూడాలంటే ఏం చేయాలి అని. బాబూ, పొద్దున్నే వెళ్ళు, సూర్యుడు రాక ముందే, కూర్చుని ఓపిగ్గా చూడు, అవే పరిగెడతాయి. బైకులతో, జీపులతో వెంటపడి వీడియోలు తీస్తున్నారు కొందరు, డ్రోన్లు ఎగరేస్తున్నారు, అది మాత్రం వద్దు, దండం పెట్టి చెప్తున్నాను. ఆ ఒళ్ళు నిమిషం పరుగుకి తయారైంది, చీతా నిమిషంలో ఆగిపోతుంది కాబట్టి. బండి ఆగదు. ఎక్కువసేపు తరిమితే కండలు లోపల్లోపలే చెడిపోయి, ఆ విషం రక్తంలో కలిసి, అప్పటికి బాగానే ఉన్నట్టు కనిపించిన జింక కొన్ని గంటలకో రెండు మూడు రోజులకో చచ్చిపోతుంది. తరిమినవాడికి ఆ సంగతి తెలియను కూడా తెలియదు. ఈనే కాలంలో అయితే గడ్డిలో దాచిపెట్టిన కూన దగ్గరికి తల్లి తిరిగి రాకపోవచ్చు. మీ ఫ్రెండ్స్ ఎవరైనా అలా వెళ్తుంటే చెప్పండి, వినకపోతే ఫారెస్ట్ వాళ్ళకి ఫోన్ చేయండి, ఇది వన్యప్రాణి చట్టంలో షెడ్యూల్ ఒకటి జంతువు, అంటే అన్నిటికన్నా గట్టి రక్షణ ఉన్నది, తరమడం కూడా చట్టం ప్రకారం వేట కిందకే వస్తుంది.

ఇంకేమైనా ప్రశ్నలుంటే బయట వరండాలో మాట్లాడుకుందాం, నేను ఇక్కడే ఉంటాను.